గాలిదుమారం వచ్చే వేళ

వేసవికాలంలో వాతావరణ సూచన చదివేటప్పుడు మా నోట తరచుగా వెలువడే వాక్యం ఒకటి ఉన్నది. "రాగల 24 గంటలలో తెలంగాణలో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతోను, గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల వేగంగల ఈదురుగాలులతోను కూడిన జల్లులు పడగలవు" అన్నది ఆ వాక్యం. దీనిని విన్న శ్రోతలు రెండు తెగలు. కొందరు గొడుగు చేతబట్టుకొని బయలుదేరి, సాయంకాలం దానిని పొడిగానే ఇంటికి తెచ్చుకొని, మమ్మల్ని ఆడిపోసుకుంటారు. మరికొందరు "ఒకటి రెండు చోట్ల అంటే మన చోటు కాదులే" అని నిశ్చింతగా వెళ్ళి, నాంపల్లి స్టేషను ముందరో, ఆబిడ్సు చౌరస్తాలోనో కండ్లనిండ దుమ్ము పడి, తలమీద రేకు పడబోగా తప్పించుకొని వస్తారు. ఈ ఉభయులకూ మేము ఒక సంజాయిషీ బాకీ ఉన్నాము. ఆ వాక్యంలోని ప్రతి మాటకూ ఒక కొలత ఉన్నది. అది తెలిసినవారికి సూచన ఎక్కడివరకు తోడు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో బోధపడుతుంది. అది ఆగిన చోటనుండి ఎవరి కండ్లూ చెవులూ వారికి పనికిరావలసిందే. ఆ మిగిలిన అరగంటను గురించియే నేటి ప్రసంగం.

"ఒకటి రెండు చోట్ల" అన్నది నోటికి వచ్చినట్లు వేసిన మాట కాదు. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నూటికి 25, లేదా అంతకు తక్కువ కేంద్రాలలో వాన పడుతుందని తోచినప్పుడు భారత వాతావరణ శాఖవారు ఈ మాట వాడుతారు. 26 మొదలు 50 వరకు ఐతే "కొన్ని చోట్ల". 51 మొదలు 75 వరకు "చాలా చోట్ల". ఆపైన "దాదాపు అన్ని చోట్ల". అనగా ఒకటి రెండు చోట్ల వాన అని చెప్పిననాడు, నాలుగింట మూడువంతుల చోట్లకు వాన లేదన్న సంగతి కూడా ఆ వాక్యంలోనే ఇమిడి ఉన్నది. పొడి గొడుగుతో ఇల్లు చేరినవారు మమ్మల్ని నిందించే ముందు ఈ లెక్క ఒక్కసారి జ్ఞాపకం చేసుకోవలెనని మనవి.

ఇంకొక సంగతి. హైదరాబాదులో ఉష్ణోగ్రత ఇంత, వాన ఇంత అని మేము చదివే అంకెలు సాధారణంగా బేగంపేటలో కొలిచినవి. నవాబు జఫర్ జంగు 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో బేగంపేటకు తరలినది. వాతావరణ శాఖవారి కేంద్రం కూడా ఆ పేటలోనే ఉన్నది. అక్కడినుండి ఆబిడ్సుకు సుమారు ఏడు కిలోమీటర్లు. మనకు అది పెద్ద దూరం కాదు. కాని వేసవి మేఘానికి ఏడు కిలోమీటర్లంటే పరదేశమే. ఆబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయం నుండి నాంపల్లి స్టేషనుకు ఒక కిలోమీటరు. తీరికగా నడిచినా పావుగంట పట్టదు. ఐనా ఆ కిలోమీటరు నడుమనే వాన అంచు పడుతుంది. తపాలా కార్యాలయం మెట్లమీద జనం తడిసి ముద్దై నిలుచుండగా, నాంపల్లిలో రైలు దిగినవారు పొడిరోడ్డుమీద ఆటోకోసం బేరమాడుతూ ఉండవచ్చును. ఈ నగరంలో నాలుగు వేసవులు గడిపినవారికి ఈ వింత కొత్తది కాదు.

ఎందుకిట్లా జరుగుతుంది? నైరుతి ఋతుపవనపు వాన దేశమంతటా పరచుకొన్న దుప్పటివంటిది. వేసవి వాన అటువంటిది కాదు. అది పొయ్యిమీది ఎసరువంటిది. ఎసరులో ఏ బుడగ ఎక్కడ లేస్తుందో ముందుగా చూపగల గృహిణి లేదు. ఎసరు ఎప్పుడు కాగుతుందో మాత్రం ప్రతి గృహిణికీ తెలుసు. శాస్త్రజ్ఞుని స్థితి కూడా అదే. నేడు మధ్యాహ్నం తెలంగాణపైన గాలి కాగి ఉన్నదని అతడు నిశ్చయంగా చెప్పగలడు. బుడగ ఆబిడ్సు మీద లేస్తుందా, ఆల్వాలు మీద లేస్తుందా అన్నది ఉదయం చెప్పలేడు.

ఎసరు కాగుటకు కావలసిన సామగ్రి మన దక్కను పీఠభూమిమీద చైత్రవైశాఖాలలో సమృద్ధిగా దొరుకుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైబడిన ఎత్తున, నల్లరాతి గుట్టలనడుమ కట్టుకొన్న ఊరు మనది. రాయి త్వరగా వేడెక్కుతుంది. ఆ రాయిమీద ఇప్పుడు సిమెంటూ తారూ పరచుకొన్నాము. మధ్యాహ్నం రెండుగంటలకు నేలనంటి ఉన్న గాలి కాగి తేలికై పైకి పోజూస్తుంది. ఐతే వేడి ఒక్కటే చాలదు. వేడి ఒక్కటే చాలితే ప్రతి వేసవి మధ్యాహ్నం వాన కురియవలసినదే. తేమ కావలెను. ఆ తేమ బంగాళాఖాతం నుండి ఆగ్నేయపు గాలులమీద వస్తుంది. పైన మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తులో మాత్రం పడమటినుండి, వాయవ్యంనుండి వచ్చే పొడిగాలి పారుతూ ఉంటుంది. క్రింద తడి, పైన పొడి. ఈ రెండు గాలులూ ఎదురెదురుగా వచ్చి ఒరుసుకొనే గీత ఒకటి విదర్భ నుండి తెలంగాణ మీదుగానో, మరాఠ్వాడా మీదుగానో కర్ణాటకం లోపలి భాగాలు దాటి తమిళదేశం వరకు సాగుతుంది. సూచనలలో "ద్రోణి" అనీ, "గాలి విచ్ఛిన్నత" అనీ మీరు వినేది దీనినే. గీత మనకు చేరువగా వచ్చిననాడు మన ఆకాశం పని పట్టవలసిందే.

అట్లా పైకి లేచిన తడిగాలి చల్లబడి మేఘమవుతుంది. నీటి ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచిపెట్టే వేడి ఆ మేఘాన్ని ఇంకా పైకి తోస్తుంది. ఒక గంట లోపల అది 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పోగలదు. ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు మాత్రమే అని జ్ఞాపకముంచుకొంటే, మన నెత్తిమీద సాయంకాలంలోగా లేచి, రాత్రిలోగా మాయమైపోయే ఆ పర్వతం ఎంతటిదో ఊహకు వస్తుంది. దీనినే క్యుములోనింబస్ మేఘమంటారు. క్రిందనుండి చూచేవారికి అడుగు నల్లగా చదునుగా ఉంటుంది. దూరంనుండి చూచేవారికి మీది భాగం కమ్మరివాని దాగలివలె ఒక ప్రక్కకు సాగి కనిపిస్తుంది. సాగిన ప్రక్కయే సాధారణంగా అది పోయే దిక్కు. మన నగరానికి ఇవి తరచుగా పడమటినుండి, వాయవ్యంనుండి, అనగా వికారాబాదు, జహీరాబాదుల వైపునుండి వస్తాయి. అప్పుడప్పుడు తూర్పునుండి వచ్చి మనలను మోసగించేవి కూడా లేకపోలేదు.

ఇక గాలి. ప్రజలు వాననే లెక్కిస్తారు గాని, వేసవిమేఘంలో ముందుగా భయపడవలసినది వానకు కాదు, వానకు ముందు వచ్చే గాలికి. మేఘంలోనుండి రాలే చినుకులు క్రింది పొడిగాలిలో కొంత ఆవిరైపోతాయి. ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలినుండి వేడి లాగుకొంటాయి. మట్టికూజాలో నీరు చల్లబడే విధం ఇదే. అట్లా చల్లబడిన గాలి బరువెక్కి, ఇసుకబస్తా జారవిడిచినట్లు, మేఘంనుండి నిట్టనిలువుగా నేలకు దిగుతుంది. నేలను తాకిన తరువాత పోవుటకు చోటు లేక నలువైపులా పరుగెత్తుతుంది. వానధార ఇంకా మూడు నాలుగు కిలోమీటర్ల దూరాన ఉండగానే ఈ పరుగు మనలను చేరుతుంది. ఉన్నట్టుండి వేడి తగ్గుతుంది. పావుగంటలో పది డిగ్రీలు పడిపోవుట కూడా కద్దు. దుమ్ము లేస్తుంది. తెలంగాణమువారు గాలిదుమారమని ఎంత చక్కని పేరు పెట్టినారో చూడండి. గాలి, దుమ్ము, చెలరేగుట, మూడూ ఆ ఒక్క మాటలో వినిపిస్తవి. శాస్త్రజ్ఞులు దీనిని స్క్వాల్ అని, గాలివేగం ఉన్నట్టుండి సెకనుకు 8 మీటర్లైనా పెరిగి, 11 మీటర్లకు తగ్గకుండా కనీసం ఒక నిమిషం నిలిస్తేనే ఆ పేరుకు తగునని నియమం పెట్టుకొన్నారు. గంటల లెక్కలో చెప్పుకొంటే సుమారు 40 కిలోమీటర్లు.

సెగలు కక్కే మధ్యాహ్నం తరువాత ఆ మొదటి చల్లగాలి సోకినప్పుడు మనస్సు హాయిగా ఉంటుంది. ప్రమాదమంతా ఆ హాయిలోనే ఉన్నది. "అబ్బ, చల్లగాలి" అని డాబాలెక్కేవారు, వాకిళ్ళలో కుర్చీలు వేసుకొనేవారు, చెట్టుక్రింద బండి ఆపి నిలుచునేవారు ఎందరో. ఆ చల్లదనం కబురు తెచ్చిన దూత. కబురు ఏమంటే, మేఘం కూలుట మొదలైనది, పది పదిహేను నిమిషాలలో ఇక్కడికి వస్తున్నది అని. సూచన చేయలేని పనిని ఆ గాలి చేస్తుంది. మీ వీధికి, మీ ఇంటికి, మీకు ప్రత్యేకించి వచ్చిన హెచ్చరిక అది.

గంటకు 40 కిలోమీటర్ల గాలికీ, 80 కిలోమీటర్ల గాలికీ భేదం రెండింతలు అనుకొంటాము. వేగం రెండింతలైతే గాలి మోపే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. నలభైకి ఊగిన రేకు ఎనభైకి ఎగిరిపోవుటలో ఆశ్చర్యమేమీ లేదు. 2019 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలం ఆబిడ్సుకు కూతవేటు దూరంలో ఉన్న లాల్ బహదూర్ స్టేడియంలో దీపస్తంభం ఒకటి ఇటువంటి గాలికి కూలి ఒక మనిషి మరణించినాడు, కొందరు గాయపడినారు. ఆనాడు వరద లేదు. తుపాను లేదు. సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. నగరం నడిబొడ్డున, కొద్ది నిమిషాల గాలికి, ఇంటికి పోవలసిన ఒక మనిషి పోలేదు. 2024 మే 7వ తేదీ రాత్రి బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు కూలివారి కుటుంబాలకు చెందినవారు చనిపోయినారు. అదే నెల 26న తెలంగాణలో గాలివానకు పదిమందికి పైగా బలియైనారు. నాగర్‌కర్నూలు జిల్లాలో కడుతూ ఉన్న షెడ్డు గోడ మీదపడి పోయినవారు వారిలో ఉన్నారు. ఈ ఉదంతాలు చదివినకొలదీ ఒక సంగతి స్పష్టమవుతుంది. గాలి తనంతట మనుష్యులను చంపలేదు. సగం కట్టిన గోడలు, బిగించని రేకులు, వేరు తెగిన చెట్లు, ఎత్తున నిలబెట్టిన ఇనుపచట్రాలు చంపినవి. ఇవన్నీ మనము కట్టినవి, మనము విప్పగలిగినవి.

నాంపల్లినుండి ఆబిడ్సుకు వచ్చే దారిలో ఒక్కసారి తలయెత్తి చూస్తే వీటి నమూనాలన్నీ కనిపిస్తవి. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు, 1907నాటి నాంపల్లి స్టేషను, వీటి రాతికట్టడాలకు ఈ గాలివలన భయం లేదు. భయమంతా వాటి చుట్టూ, వాటి పైనా తరువాత తగిలించినవాటివల్లనే. దుకాణాలమీది రేకుల పందిళ్ళు, మిద్దెలమీద బరువు లేకుండా ఖాళీగా కూర్చున్న ప్లాస్టిక్ తొట్లు, తాళ్ళతో కట్టిన ఫ్లెక్సీలు, ప్రకటన ఫలకాలు. భూమికి 15 అడుగులకు మించిన ఎత్తున ప్రకటన ఫలకాలు పనికిరావని 2020లో ప్రభుత్వం ఉత్తర్వు చేసినది. ఉత్తర్వు మంచిదే. కాని ఇంటిమీది రేకును, మిద్దెమీది తొట్టిని ఏ ఉత్తర్వూ వచ్చి బిగించదు. మార్చి నెలలో ఒక ఆదివారం ఉదయం మిద్దె ఎక్కి, కదిలేదంతా కట్టి, విరిగినదంతా దించితే ఆ వేసవికి చేయవలసిన పనిలో సగం పూర్తియైనట్లే.

ఆదివారమన్న మాట వచ్చినది గనుక ఆబిడ్సు పాతపుస్తకాల వర్తకులను తలచుకోకుండా ఉండలేను. కాలిబాటమీద నిఘంటువులూ నవలలూ పాఠ్యపుస్తకాలూ పరచి కూర్చునే వీరు ఈ నగరంలో మంచి వాతావరణ పరిశీలకులని నా అభిప్రాయం. వారికి బేగంపేట అంకెలతో పనిలేదు. కాగితం కొస లేచి ఆడిన తీరునుబట్టి పట్టాలు కప్పవలెనా, ఇంకొక గిరాకీ చూడవచ్చునా అని నిర్ణయిస్తారు. ఇంట్లో రేడియో వినే మనము ఆపాటి శ్రద్ధ చూపగలిగితే చాలును.

చెట్ల విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. మా ఆకాశవాణి కేంద్రానికి చేరువలోనే నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు ఉన్నది. ఎండవేళ ఆ నీడ అమృతప్రాయం. గాలిదుమారం లేచినప్పుడు ఆ నీడయే ప్రాణాంతకం. నిద్రగన్నేరు, తురాయి వంటి చెట్లు కొమ్మలు విశాలంగా చాచి, వేళ్ళు మాత్రం అంత లోతుకు పోనివ్వవు. నగరంలో వాటి వేళ్ళను కాలువలకొరకు, తీగలకొరకు ఒకవైపు తవ్వుతూనే ఉంటాము. మొదలుచుట్టూ సిమెంటు పోసి ఊపిరాడకుండ చేస్తాము. మొదటి ఊపుకు అవి పడిపోవుటలో చెట్టు దోషమేమున్నది? చెట్లు నరికివేయవలెనని నేను చెప్పుట లేదు. అది రోగమున్నదని రోగిని చంపినట్లౌతుంది. ఎండిన కొమ్మలు వేసవికి ముందే కొట్టించవలెను; గాలి లేచిన అరగంటసేపు మాత్రం చెట్టుకు దూరంగా ఉండవలెను. తెగిపడిన తీగ చూస్తే అది చచ్చిన తీగ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

చెట్టుక్రింద నిలువకూడదనుటకు ఇంకొక పెద్ద కారణం పిడుగు. మేఘంలో పైకి పోయే మంచుపలుకులు, క్రిందికి జారే మెత్తని వడగండ్లు ఒకదానినొకటి రాచుకొన్నప్పుడు విద్యుదావేశం రెండుగా చీలుతుంది. తేలికవి ధనావేశంతో పైకి, బరువువి ఋణావేశంతో క్రిందికి చేరుతవి. ఆ అంతరం గాలి భరించలేనంత పెరిగినప్పుడు మెరుపు పుట్టుతుంది. మెరుపుదారిలోని గాలి ఒక్క లిప్తకాలంలో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు కాగుతుంది. సూర్యుని ఉపరితలంకంటె అది అయిదింతలు వేడి. కాగిన గాలి పగిలినట్లు వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము. వెలుగు తక్షణమే వస్తుంది; చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనుకబడి వస్తుంది. మెరుపు చూచినది మొదలు లెక్కపెట్టుట ఆరంభించి, ముప్పై లోపల ఉరుము వినిపిస్తే మేఘం పది కిలోమీటర్ల లోపున ఉన్నట్లు. ఆ దూరంనుండి కూడా తరువాతి పిడుగు మీ దగ్గర పడవచ్చును. చివరి ఉరుము విన్న తరువాత అరగంట గడిస్తేనే బయటికి వెళ్ళుట క్షేమం. లెక్కపెట్టుట మీ ఇంటి పిల్లలకు నేర్పి చూడండి. ఉరుముకు జడిసి అమ్మమ్మ కొంగు పట్టుకొనేవారు సైతం గడియారంతో కూర్చుంటారు.

ఇక్కడ రేడియో ఉన్న కుటుంబాలకు మాత్రమే ఉన్న ఒక వసతి చెప్పవలెను. మీడియం వేవుమీద కచేరి వింటూ ఉండగా నడుమ నడుమ "గర్ గర్" మని చప్పుడు వస్తే మా యంత్రాలు చెడిపోయినవని ఉత్తరాలు వ్రాసేవారున్నారు. వేసవి సాయంకాలాలలో ఆ గరగర మాది కాదు, మెరుపుది. ప్రతి మెరుపూ ఒక చిన్న ప్రసారకేంద్రమే. దాని తరంగాలు ఎన్నో కిలోమీటర్లు ప్రయాణం చేసి మీ సెట్టులో చొరబడతవి. ఆకాశం ఇంకా నిర్మలంగా ఉండగానే గరగర మొదలై, క్షణక్షణానికీ దట్టమవుతూ ఉంటే మేఘం మీవైపు వస్తున్నదని అనుమానించవచ్చును. ఎఫ్.ఎం. ప్రసారంలో ఇది దాదాపు వినరాదు. సంగీతానికి అది మేలు, పిడుగు జాడకు ఇది మేలు. నిజానికి రేడియో అన్నది తొలుత పట్టుకొన్న కబురు మనుష్యులది కాదు, మేఘాలది అన్నా అతిశయోక్తి కాదు. రష్యా శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ పోపోవ్ 1895 మే 7న పీటర్సుబర్గులో ప్రదర్శించిన గ్రాహకయంత్రం దూరపు మెరుపులను పసికట్టుటకు పనికివచ్చినది. మన పంచాంగం లెక్కకు అది భరణికార్తె రోజులలో పడుతుంది. పిడుగులకు ఆ కార్తె మనకు కూడా పెట్టినది పేరే.

గరగర దట్టమైనప్పుడు చేయవలసినది సెట్టును తన్నుట కాదు. గోడనుండి తీగ ఊడదీయవలెను. వెనుకటి రోజులలో మిద్దెమీద ఏరియల్ తీగ కట్టుకొన్న ఇళ్ళలో పెద్దలు ఉరుము వినగానే దానిని సెట్టునుండి విప్పివేసేవారు. ఏరియల్ తీగలు పోయినవి గాని, టెలివిజను పళ్ళాలూ వాటి తీగలూ వాటి స్థానంలో వచ్చినవి, నియమం మారలేదు. బ్యాటరీతో పనిచేసే చిన్న సెట్టు ఐతే నిరభ్యంతరంగా వినవచ్చును. కరెంటు పోయిన రాత్రి ఇంటింటా అది ఉపకరించే తీరు శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు.

గృహిణులకు ప్రత్యేకంగా ఒక్క మాట. ఈ రోజులలో ప్రతి డాబామీదా వడియాలు, అప్పడాలు, మిరపకాయలు, ఊరగాయ ముక్కలు ఎండుతూ ఉంటవి. గాలి లేవగానే అందరూ మిద్దెమీదికి పరుగెత్తుతారు. నాలుగు వైపులా ఏమీ లేని చదును మిద్దెమీద, ఇనుపతీగమీది బట్టలు లాగుతూ నిలుచున్న మనిషి పిడుగుకు ఎంత అనువైన గురియో వేరే చెప్పాలా? సంవత్సరానికి సరిపడా పెట్టుకొన్న వడియాలు తడిసిపోవుట ఎంత కష్టమో తెలియక చెప్పుట లేదు. గరగర విన్నప్పుడే, పడమట నలుపు చూచినప్పుడే వాటిని దించండి. మొదటి చల్లగాలి వచ్చిన తరువాత, మెరుపు కనపడిన తరువాత వడియాలను వానకు వదలివేయండి.

పట్నంలో ఉన్నవారికి పక్కా ఇండ్లున్నవి. ఏ దుకాణంలో దూరినా తల కాపాడుకోవచ్చును. పొలంలో ఉన్నవానికి అది లేదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటలలో 36,749 పిడుగులు నమోదైనవని ఆ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థవారు ప్రకటించినారు. దేశం మొత్తంమీద 2022లో పిడుగుపాటుకు మరణించినవారు 2,887 మంది అని నేర గణాంకాల సంస్థ నివేదిక. వీరిలో అధికులు పొలాలలోను, పశువుల వెంట, చెట్లక్రింద ఉన్నవారు. ఆబిడ్సులోను, నాంపల్లిలోను కాపురముంటూ పల్లెలో అన్నదమ్ములో, మేనమామలో లేనివారు మనలో ఎందరు? మేఘం వికారాబాదునుండి నగరానికి వచ్చుటకు గంటో రెండు గంటలో పడుతుంది. ఆ లోపల రాడారు దానిని చూస్తూనే ఉంటుంది. వాతావరణ శాఖవారు రాబోయే మూడుగంటలకు జిల్లాలవారీగా సూచనలు ఇస్తున్నారు. పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు చేస్తున్నారు. పూనా ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు తయారుచేసిన "దామిని" అనే సాధనం చేతిఫోనులోనే చుట్టుపక్కల పిడుగుల జాడ తెలుపుతుంది. పల్లెలోని పెద్దవారి ఫోనులో అది లేకపోతే, ఉన్న మనము ఒక పిలుపు చేయవచ్చును. "మామయ్యా, మేఘం మీవైపే వస్తున్నది, గొడ్లను తోలుకొని ఇంటికి పోండి" అనుటకు అర నిమిషం చాలును.

వేసవి సాగినకొలదీ ఈ మేఘాల గుణం మారుతూ వస్తుంది. ఫాల్గుణ చైత్రాలలో వడగండ్లు హెచ్చు. ఆకాశంలో నీరు గడ్డకట్టే మట్టం అప్పుడు కొంచెం క్రిందగా ఉంటుంది గనుక రాళ్ళు కరగకుండానే నేలకు చేరుతవి. 2023 మార్చిలో వికారాబాదు జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా కప్పుకొన్న చిత్రాలు చూచి కాశ్మీరమనుకొన్నవారున్నారు. పంట పోయిన రైతుకు మాత్రం అది కాశ్మీరంగా కనిపించలేదు. మామిడికాయ రాలేది కూడా ఈ రోజులలోనే. అశ్విని, భరణి, కృత్తిక కార్తెలలో, అనగా ఏప్రిల్ నడిమినుండి మే నెల మూడువంతులవరకు, దుమ్మూ గాలీ పిడుగులూ ప్రబలం, వాన స్వల్పం. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలూ కలిపినా హైదరాబాదుకు కురిసేది సంవత్సరపు వానలో సుమారు పదోవంతు మాత్రమే. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతవని సామెత. ఆ ఎండలే తేమ కలిసిన సాయంకాలాలలో తీవ్రమైన గాలులకు కారణమవుతవి. బంగాళాఖాతంలో వాయుగుండమేదైనా ఉన్నరోజులలో గాలుల వరుస తారుమారవుతుంది కూడా.

జూన్ మొదటివారం గడచి మృగశిర ప్రవేశించేనాటికి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం చేపమందుకొరకు దేశం నలుమూలలనుండి వచ్చిన జనంతో నిండిపోతుంది. సాధారణంగా ఆ రోజులకు అటూ ఇటూగా ఋతుపవనం మనలను చేరుతుంది. పడమటిగాలి నిలకడగా వీచనారంభిస్తుంది, ఆకాశమంతా మబ్బు పరచుకొంటుంది, నేల చల్లబడుతుంది. ఎసరు క్రింద మంట తగ్గుతుంది. ఉరుములు అరుదై, గాలిదుమారాలు వెనుకబడతవి. అంతవరకు, మధ్యాహ్నం మూడు దాటిన తరువాత పడమటి దిక్కున మేఘం మీది భాగం సాగి కనిపించిన రోజున, మిద్దెమీద ఏమున్నదో ఒకసారి చూచుకొని, రేడియోను మీడియం వేవుకు త్రిప్పి ఉంచండి.